ఆ ఒక్క రేటింగ్ అంకె వెనక: అమెరికా శివారు మిడిల్ స్కూల్ ప్రొఫైల్‌లో ఏముంటుంది?

డాలస్‌కు ఉత్తరాన ఫ్రిస్కో, ప్లేనో, మెకిన్నీ, ప్రాస్పర్ వైపు ఇల్లు వెతికే తెలుగు కుటుంబాల్లో మాట మొదలయ్యేదే స్కూలు రేటింగ్‌తో. ఎలిమెంటరీ గురించి అంత బెంగ ఉండదు. హైస్కూలు గురించి చెప్పేవాళ్లు చుట్టూ పదిమంది ఉంటారు. మధ్యలో ఉన్న మిడిల్ స్కూల్ దగ్గరే తికమక. ఒక సైట్‌లో పదికి తొమ్మిది, మరో సైట్‌లో ఏ మైనస్, రాష్ట్రం ఇచ్చిన గ్రేడు బి. ఒకే స్కూలుకు ఈ మూడూ ఉండొచ్చు, మూడూ తప్పు కాకపోవచ్చు. పైగా టెక్సస్‌లో 2023 రేటింగులు కోర్టు కేసుల వల్ల ఆగిపోయి 2025 ఏప్రిల్‌లో వచ్చాయి, ఆగస్టులో 2024, 2025 రేటింగులు ఒకేసారి వచ్చాయి. నాలుగు నెలల తేడాలో మూడేళ్ల గ్రేడ్లు చూసిన తల్లిదండ్రులు ఏది తాజాదో తేల్చుకోలేకపోయారు.

ఒక స్కూలు గురించి రాష్ట్రం, రేటింగ్ సైట్లు ఇచ్చే అంకెల పట్టికే ప్రొఫైల్. అందులో ఉన్న అంకెల్లో చాలావరకు ఆ స్కూలుకు ఎవరి పిల్లలు వస్తున్నారో చెబుతాయి. వచ్చిన పిల్లలకు స్కూలు ఏం చేస్తోందో చెప్పేవి కొన్నే. ఏవి ఏ రకానివో విడదీసి చూస్తే సగం చిక్కు విడిపోతుంది.

మిడిల్ స్కూల్, శివారు, డిస్ట్రిక్ట్

మిడిల్ స్కూల్ అంటే సాధారణంగా 6, 7, 8 తరగతులు. పిల్లల వయసు 11 నుంచి 14. ఇంతకుముందు ఉన్న ఏర్పాటు జూనియర్ హైస్కూల్, అందులో 7 నుంచి 9 వరకు ఉండేవి. ఒహాయోలోని కొలంబస్‌లో 1909లో మొదలైన ఇండియనోలా జూనియర్ హై ఆ వరుసలో తొలి స్కూళ్లలో ఒకటి. 1960ల నుంచి తొమ్మిదో తరగతి హైస్కూలుకు వెళ్లి, ఆరో తరగతి ఇటు వచ్చి చేరింది. ఎలిమెంటరీలో దాదాపు రోజంతా ఒకే టీచర్ దగ్గర కూర్చున్న పిల్లవాడు ఇక్కడ గంట మోగిన ప్రతిసారీ గది మారతాడు. ఆ మార్పును తేలిక చేయడానికే చాలా మిడిల్ స్కూళ్లు 'టీమ్' పద్ధతి పెట్టుకున్నాయి. లెక్కలు, ఇంగ్లిష్, సైన్స్, సోషల్ టీచర్లు నలుగురు కలిసి వంద, నూట ఇరవై మంది పిల్లలను పంచుకుంటారు. ఒక పిల్లవాడు ఒక సబ్జెక్టులో జారిపోతుంటే మిగతా ముగ్గురికీ తెలుస్తుంది. ఈ పద్ధతి ఉందో లేదో ఏ రేటింగూ చెప్పదు.

అసలు మూడేళ్లకోసం విడిగా ఒక బడి అవసరమా అన్నది తేలని చర్చ. న్యూయార్క్ నగర విద్యార్థులపై రాకాఫ్, లాక్‌వుడ్ 2010లో ప్రచురించిన అధ్యయనంలో, మిడిల్ స్కూల్‌కు మారిన పిల్లల మార్కులు, ఎనిమిది దాకా ఒకే బడిలో ఉన్న పిల్లలతో పోలిస్తే తగ్గాయి. ఫ్లోరిడాపై ష్వెర్ట్, వెస్ట్ చేసిన అధ్యయనమూ అదే దిశలో ఉంది. మిడిల్ స్కూల్‌ను సమర్థించేవాళ్లు చెప్పేదీ కొట్టిపారేసేది కాదు: సైన్స్ ల్యాబు, బ్యాండ్ (వాద్య బృందం), ఆల్జీబ్రా టీచరు, రెండు మూడు భాషలు ఒకేచోట ఉండాలంటే ఒక్కో తరగతిలో 250, 300 మంది పిల్లలుండాలి. చిన్న బడిలో అది కుదరదు.

ఇక శివారు. కేంద్ర విద్యా గణాంకాల సంస్థ లెక్కలో, ప్రధాన నగరం హద్దుకు బయట, పట్టణీకరణ చెందిన ప్రాంతానికి లోపల ఉన్నది శివారు. ఆ ప్రాంత జనాభా 2,50,000 లేదా అంతకు మించితే పెద్ద శివారు. అందుకే జనం శివారు అనుకునే ఊరు కొన్నిసార్లు పట్టికలో నగరంగా కనిపిస్తుంది.

స్కూల్ డిస్ట్రిక్ట్ అంటే మన జిల్లా లాంటిది కాదు. స్కూళ్ల కోసమే ఏర్పడ్డ స్థానిక ప్రభుత్వం అది. టెక్సస్‌లో దాన్ని ఐ.ఎస్.డి. (ఇండిపెండెంట్ స్కూల్ డిస్ట్రిక్ట్) అంటారు. దానికి ఎన్నికైన బోర్డు ఉంటుంది, ఇళ్లపై పన్ను అదే వేస్తుంది. దాని హద్దులు ఊరి హద్దులతో కలవాలని లేదు. ప్లేనో చిరునామా ఉన్న ఇల్లు ఫ్రిస్కో ఐ.ఎస్.డి. కిందికి రావచ్చు, ఫ్రిస్కో ఊళ్లోని ఇల్లు ప్రాస్పర్ ఐ.ఎస్.డి. కిందికి రావచ్చు. ఇంటి ప్రకటనలో ఊరి పేరు చూసి డిస్ట్రిక్ట్ ఊహించుకున్నవాళ్లు పొరబడేది ఇక్కడే. డిస్ట్రిక్ట్ లోపల మళ్లీ జోన్లు. మూడు నాలుగు ఎలిమెంటరీలు కలిసి ఒక మిడిల్ స్కూల్‌కు, అక్కడి నుంచి ఒక హైస్కూలుకు వెళ్తాయి. ఒక మిడిల్ స్కూల్ పిల్లలు రెండు హైస్కూళ్లకు చీలే జోన్లూ ఉంటాయి. ఆ సంగతి ప్రొఫైల్‌లో కాదు, జోన్ మ్యాపులో కనిపిస్తుంది.

గీత ఎక్కడ పడిందన్నదే ఇంటి ధర

శివారు బడులు ఇప్పుడున్న రూపానికి రెండు సుప్రీంకోర్టు తీర్పుల చరిత్ర ఉంది. 1973లో శాన్ ఆంటోనియో డిస్ట్రిక్ట్ కేసులో, ఆస్తి పన్ను ఆధారంగా డిస్ట్రిక్టుల మధ్య నిధుల్లో తేడా రావడం రాజ్యాంగ విరుద్ధం కాదని కోర్టు 5-4 తేడాతో చెప్పింది. 1974లో డెట్రాయిట్‌కు సంబంధించిన మిల్లికెన్ కేసులో, శివారు డిస్ట్రిక్టుల తప్పు రుజువు కాకుండా వాటిని నల్ల, తెల్లజాతి పిల్లలను ఒకే బడుల్లో కలిపే నగర ప్రణాళికలోకి లాగకూడదంది. దాంతో డిస్ట్రిక్ట్ హద్దు ఒక గోడలా నిలబడింది. అటు ఇటు వీధుల్లో ఇళ్లు ఒకేలా ఉన్నా బడి వేరు, ధర వేరు.

ఆ తేడా ఎంతో శాండ్రా బ్లాక్ అనే ఆర్థికవేత్త 1999లో లెక్కగట్టారు. బోస్టన్ శివార్లలో ఒకే డిస్ట్రిక్ట్ లోపల, ఎలిమెంటరీ జోన్ గీతకు ఇరువైపులా ఉన్న ఇళ్లను పోల్చారు. పరీక్ష మార్కులు 5 శాతం ఎక్కువ ఉన్న బడి కోసం తల్లిదండ్రులు ఇంటికి సుమారు 2.5 శాతం ఎక్కువ పెడుతున్నారని తేలింది. ఇది తనను తాను పెంచుకునే చక్రం. రేటింగ్ పెరిగితే ఇంటి ధర పెరుగుతుంది. ఆ ధర భరించగల కుటుంబాలే వస్తాయి. వాళ్ల పిల్లలు బడికి వెలుపల ట్యూషన్లతో సహా తయారై వస్తారు, మార్కులు పెరుగుతాయి. ఇందులో బడి వాటా ఎంతన్నది మార్కుల అంకె ఒక్కటే చెప్పలేదు.

టెక్సస్‌లో డబ్బు సంగతి మాత్రం జనం అనుకునేంత సూటిగా లేదు. రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు కాబట్టి ఇంటి పన్ను బరువుగా ఉంటుంది, కానీ కట్టిందంతా ఆ ఊరి బడికే చేరదు. 1993 నుంచి ఉన్న రికాప్చర్ పద్ధతిలో ఆస్తి విలువ ఎక్కువున్న డిస్ట్రిక్టులు కొంత సొమ్మును రాష్ట్రానికి అప్పగించాలి. రాష్ట్రం నిధుల లెక్క మొదలుపెట్టే పునాది మొత్తం 2019 నుంచి ఒక్కో విద్యార్థికి 6,160 డాలర్లు. 2025లో 55 డాలర్లు పెంచి 6,215 చేశారు.

హాజరు: ఇండియా ప్రయాణం లెక్కలోకి వచ్చే చోటు

టెక్సస్ నిధులిచ్చేది పేర్లు నమోదైన పిల్లల సంఖ్యను బట్టి కాదు, సగటున రోజూ బడికొచ్చిన వాళ్ల సంఖ్యను బట్టి. వెయ్యి మంది ఉన్న మిడిల్ స్కూల్లో హాజరు 96 శాతం నుంచి 93కు పడిపోతే, 30 మంది పిల్లల డబ్బు పోయినట్టే. పునాది మొత్తంతోనే లెక్కేస్తే 30 × 6,215 = 1,86,450 డాలర్లు. అసలు సూత్రంలో ఇంకా చాలా సర్దుబాట్లున్నాయి, ఆ డబ్బు వచ్చేదీ డిస్ట్రిక్టుకే. అయినా బడులు హాజరు గురించి అన్ని ఉత్తరాలు ఎందుకు పంపుతాయో దీనితో అర్థమవుతుంది.

హాజరుకు ఇంకో కొలత ఉంది. బడి రోజుల్లో 10 శాతం లేదా అంతకు మించి రాని పిల్లలను దీర్ఘకాల గైర్హాజరీ కింద లెక్కిస్తారు. కారణం జ్వరమా, ప్రయాణమా అని చూడరు. ఏడాదికి 175 రోజులనుకుంటే 18 రోజులు రాకపోతే ఆ జాబితాలోకి వెళ్తారు. డిసెంబరు సెలవులకు ముందొక వారం, తర్వాతొక వారం కలిపి ఇండియా వెళ్లొస్తే 10 రోజులు. ఏడాదిలో ఎనిమిది రోజులు ఒంట్లో బాగాలేకపోతే మొత్తం 18. మార్కుల్లో ముందున్న పిల్లవాడు కూడా ఈ జాబితాలో చేరేది ఇలాగే. తెలుగు, ఇతర భారతీయ కుటుంబాలు ఎక్కువున్న బడుల్లో ఈ అంకె కాస్త పెద్దదిగా కనిపిస్తే అది క్రమశిక్షణ లోపమని నిర్ణయించే ముందు, ఏ నెలలో రాలేదో చూడాలి. ఆ వివరం ప్రొఫైల్‌లో ఉండదు, బడిని అడిగితే నెలవారీగా ఉండొచ్చు.

నిష్పత్తి 15, క్లాసులో 28

ప్రొఫైళ్లలో ఎక్కువమందిని తప్పుదారి పట్టించే అంకె విద్యార్థి-టీచర్ నిష్పత్తి. లెక్క కోసం ఒక స్కూలును ఊహిద్దాం. 900 మంది పిల్లలు, 60 మంది టీచర్లు. నిష్పత్తి 15. క్లాసులో పదిహేనుమందే ఉంటారని సంబరపడతాం.

రోజుకు ఏడు పీరియడ్లు. ప్రతి పిల్లవాడికీ ఏడింటిలోనూ ఒక కుర్చీ కావాలి: 900 × 7 = 6,300 కుర్చీలు. 60 మంది టీచర్లలో 8 మంది ప్రత్యేక విద్య టీచర్లు. వాళ్లు చిన్న బృందాలతో పనిచేస్తారు, లేదా వేరే టీచరు క్లాసులోనే పక్కన నిలబడి సాయం చేస్తారు. మిగిలింది 52 మంది. ఒక్కొక్కరికి ఒక పీరియడ్ సొంత తయారీకి, ఒకటి టీమ్ సమావేశానికి పోతే బోధించేది ఐదు. 52 × 5 = 260 సెక్షన్లు. 6,300ను 260తో భాగిస్తే 24.2. పదిహేను కాస్తా ఇరవై నాలుగైంది.

అది కూడా సగటే. చదవడంలో వెనకబడ్డ పిల్లల సపోర్ట్ క్లాసు 12 మందితో నడుస్తుంది. బ్యాండ్‌లో, వ్యాయామంలో 45 మంది ఉంటారు. అడ్వాన్స్‌డ్ లెక్కల క్లాసు 28, 30కి చేరుతుంది. టెక్సస్‌లో క్లాసుకు 22 మందే అన్న పరిమితి నాలుగో తరగతితో ఆగిపోతుంది, మిడిల్ స్కూల్‌కు వర్తించదు. అందువల్ల నిష్పత్తి తక్కువున్న స్కూలంటే ప్రత్యేక అవసరాలున్న పిల్లలు ఎక్కువున్న స్కూలు కూడా కావచ్చు. అది మంచి సంగతే, కానీ మామూలు క్లాసు చిన్నదని అర్థం కాదు.

పరీక్ష: మూడు గీతలు, ఒక సగటు

టెక్సస్ రాష్ట్ర పరీక్ష పేరు స్టార్. 6, 7, 8 తరగతుల్లో లెక్కలు, పఠనం. ఎనిమిదిలో అదనంగా సైన్స్, సోషల్. ఫలితాలకు మూడు గీతలు: అప్రోచెస్, మీట్స్, మాస్టర్స్. అప్రోచెస్ దాటితే పాస్. తరగతి స్థాయిలో గట్టిగా ఉన్నాడనడానికి మీట్స్. మాస్టర్స్ పైమెట్టు. మాస్టర్స్ అందుకున్న పిల్లవాడు కింది రెండింటిలోనూ లెక్కకు వస్తాడు. స్కూలు పరీక్ష స్కోరు ఈ మూడు శాతాల సగటు.

ఒక స్కూల్లో 95, 80, 55 అనుకుందాం. మొత్తం 230, సగటు సుమారు 77. ఇంకో స్కూల్లో 80, 50, 22. మొత్తం 152, సగటు 51. రెండోది 'పాస్ 80 శాతం' అని చెప్పుకోవచ్చు, అదీ నిజమే. ఈ సగటును తర్వాత వందకు సర్దిన మరో కొలమానంలోకి మారుస్తారు కాబట్టి ఇక్కడి 77 ప్రకటనలో 77గా కనిపించదు.

ఎనిమిదో తరగతి లెక్కల్లో కనిపించే వింత

మంచి శివారు స్కూళ్ల ఫలితాల్లో ఏడో తరగతి లెక్కలు బాగుండి, ఎనిమిదికి వచ్చేసరికి దబ్బున పడిపోయినట్టు కనిపిస్తుంది. చూసినవాళ్లు ఎనిమిదో తరగతి టీచర్లు బాగోలేరనుకుంటారు. చాలాసార్లు కారణం వేరు.

అమెరికాలో లెక్కల దారి ఇలా ఉంటుంది. ఎనిమిదిలో ఆల్జీబ్రా వన్ చేసినవాళ్లు తొమ్మిదిలో జామెట్రీ, పదిలో ఆల్జీబ్రా టూ, పదకొండులో ప్రీకాల్క్యులస్, పన్నెండులో ఏ.పి. (కాలేజీ స్థాయి) కాల్క్యులస్ చేస్తారు. తొమ్మిదిలో ఆల్జీబ్రా మొదలుపెడితే కాల్క్యులస్‌కు చోటు దొరకడం కష్టం. ఎనిమిదిలో ఆల్జీబ్రా వన్ చదివే పిల్లలు ఎనిమిదో తరగతి లెక్కల పరీక్ష రాయరు, హైస్కూలువాళ్లు రాసే ఆల్జీబ్రా పరీక్షే రాస్తారు. వాళ్ల ఫలితం విడి వరుసలో వస్తుంది.

ఊహించిన అంకెలతో చూస్తే: ఎనిమిదిలో 300 మంది. 180 మంది ఆల్జీబ్రాలో ఉన్నారు, వాళ్లలో 171 మంది మీట్స్ దాటారు. అంటే 95 శాతం. మిగతా 120 మంది తరగతి పరీక్ష రాస్తే 60 మంది దాటారు, 50 శాతం. 'ఎనిమిదో తరగతి లెక్కలు' వరుసలో కనిపించేది 50. అందరినీ కలిపితే 231 మంది, 77 శాతం. ఆల్జీబ్రాలోకి ఎంత ఎక్కువమందిని పంపితే మిగిలిన వరుస అంత నీరసంగా కనిపిస్తుంది. కొన్ని డిస్ట్రిక్టుల్లో ముందు దారిలో ఉన్న ఏడో తరగతి పిల్లలు ఎనిమిదో తరగతి పరీక్ష రాస్తారు, అక్కడ తేడా తిరగబడుతుంది. రెండు స్కూళ్లను ఈ ఒక్క వరుసతో పోల్చితే ఏదీ తేలదు. ఆల్జీబ్రాలో ఎంతమంది కూర్చున్నారు, అందులో ఎంతమంది దాటారు అన్నవి కలిపి చూస్తేనే బొమ్మ పూర్తవుతుంది.

ఆ దారిలోకి ఎవరు వెళ్తారన్నది ఐదో తరగతి చివర్లోనే తేలిపోతుంది. 2023లో టెక్సస్ చేసిన చట్టం ప్రకారం, ఐదో తరగతి లెక్కల పరీక్షలో లేదా డిస్ట్రిక్ట్ వాడే సమాన కొలతలో పై 40 శాతంలో ఉన్న పిల్లలను ఆరులో అడ్వాన్స్‌డ్ లెక్కల్లో నేరుగా చేర్చాలి. వద్దనే హక్కు తల్లిదండ్రులకుంది. అంతకుముందు టీచరు సిఫారసు, తల్లిదండ్రుల పట్టుదల మీద చాలా ఆధారపడేది. అడగడం తెలియని ఇళ్ల పిల్లలు మార్కులున్నా వెనకబడిపోయేవారు. ఇది నిజంగా మేలు చేసిన మార్పు.

ఎక్కడున్నారు, ఎంత కదిలారు

టెక్సస్ ఏ నుంచి ఎఫ్ వరకు ఇచ్చే గ్రేడు మూడు భాగాల నుంచి వస్తుంది. మొదటిది సాధన, అంటే పైన చెప్పిన పరీక్ష స్కోరు. రెండోది పురోగతి. ఇందులో రెండు కొలతలు: పిల్లలు కిందటేడాదితో పోలిస్తే ఎంత ఎదిగారు, అదే స్థాయిలో పేద పిల్లలున్న ఇతర స్కూళ్లతో పోలిస్తే ఈ స్కూలు ఎక్కడుంది. వీటిలో మెరుగైనది తీసుకుంటారు. సాధన, పురోగతిలో ఏది ఎక్కువైతే దానికి 70 శాతం బరువు. మిగతా 30 శాతం మూడో భాగానికి, అంటే వేర్వేరు విద్యార్థి వర్గాల మధ్య అంతరం తగ్గుతోందా అన్నదానికి.

కనుక రెండు స్కూళ్లకు 'ఏ' గ్రేడు వచ్చినా ఒకదానికి అది సాధన వల్ల, ఇంకోదానికి ఎదుగుదల వల్ల వచ్చి ఉండొచ్చు. ఇళ్ల అమ్మకాల సైట్లలో కనిపించే గ్రేట్‌స్కూల్స్ పది పాయింట్ల రేటింగ్ కూడా 2020లో పద్ధతి మార్చి ఎదుగుదలకు, సమానత్వానికి బరువు పెంచింది. ఆ మార్పుతో కొన్ని స్కూళ్ల అంకె మారింది, బడిలో ఏమీ మారకుండానే. నీష్ లాంటి సైట్లు తల్లిదండ్రుల అభిప్రాయాలనూ గ్రేడులో కలుపుతాయి.

ఏది చూడాలన్న దానిపై వాదనలు రెండువైపులా బలంగానే ఉన్నాయి. ఎదుగుదలే బడి చేసిన పని, మిగతాది ఇంటి నుంచి వచ్చినదని ఒక పక్షం. తోటి పిల్లలెవరన్నది కూడా బడిలో భాగమే, ముందుకెళ్లే పిల్లలు ఎక్కువున్నచోటే ఆల్జీబ్రా సెక్షన్లు నాలుగు తెరుచుకుంటాయి, కాబట్టి సాధన అంకెకూ విలువుందని మరో పక్షం. ఎదుగుదల అంకె ఏడాదికేడాది ఊగుతుంది. అప్పటికే పైమెట్టు మీదున్న పిల్లలకు ఎక్కడానికి చోటుండదు కాబట్టి, మార్కులెక్కువున్న శివారు స్కూల్లో ఎదుగుదల మందగించినట్టు కనిపించొచ్చు. ఒక ఏడాది అంకె కంటే మూడేళ్ల వరుస నమ్మదగింది. సాధన బాగుండి మూడేళ్లూ ఎదుగుదల తక్కువగా ఉంటే, పిల్లలు ఇంటినుంచి తెచ్చుకున్నదానితోనే స్కూలు నడుస్తోందేమోనని అనుమానించడానికి కారణముంది.

ఇంట్లో తెలుగు అని రాస్తే ఏమవుతుంది

బడిలో చేర్చేటప్పుడు ఇంటి భాష ప్రశ్నాపత్రం ఇస్తారు. ఇంట్లో ఎక్కువగా ఏ భాష మాట్లాడతారని అడుగుతుంది. తెలుగు అని రాస్తే పిల్లవాడిని ఇ.ఎస్.ఎల్.లో (ఇంగ్లిష్‌ను రెండో భాషగా నేర్పే క్లాసులో) పడేస్తారని, ఇంగ్లిష్ అనే రాయాలని ఒకరికొకరు చెప్పుకుంటుంటారు. జరిగేది ఇది: తెలుగు అని రాస్తే ఇంగ్లిష్ పరీక్ష పెడతారు. పిల్లవాడు అందులో సరిపడా మార్కులు తెచ్చుకుంటే విషయం అక్కడితో ముగుస్తుంది. రాకపోతే ఆంగ్ల సాయం అవసరమున్న విద్యార్థిగా గుర్తిస్తారు, టెక్సస్‌లో ఎమర్జెంట్ బైలింగ్వల్ అంటారు. సాయం వద్దని తల్లిదండ్రులు రాసివ్వొచ్చు. కానీ వినడం, మాట్లాడడం, చదవడం, రాయడంలో ఏటా జరిగే టెల్‌పాస్ పరీక్ష మాత్రం, నిర్ణీత స్థాయి చేరి బయటపడే దాకా రాస్తూనే ఉండాలి.

మిడిల్ స్కూల్లో దీని ప్రభావం టైమ్‌టేబుల్ మీద పడుతుంది. ఏడు పీరియడ్లలో నాలుగు ముఖ్య సబ్జెక్టులు, ఒకటి వ్యాయామం పోతే ఐచ్ఛికాలకు రెండే మిగులుతాయి. భాషా సాయానికి ఒక పీరియడ్ కేటాయిస్తే బ్యాండో, బొమ్మలో, స్పానిషో ఒకటి వదలాలి. బ్యాండ్ ఆరులోనే మొదటినుంచి నేర్పుతారు, ఏడులో మధ్యలో చేరడం కష్టం. ఇండియా నుంచి నేరుగా ఏడో తరగతికి వచ్చిన పిల్లవాడికి ఆ సాయం నిజంగా అవసరమైతే, ఐచ్ఛికం కోసం దాన్ని వదులుకుంటే సోషల్, సైన్స్ పాఠాలే జారిపోతాయి.

ప్రొఫైల్‌లో తెలుగు పిల్లలెందరో వెతికినా దొరకదు. తెలుగు, చైనీస్, కొరియన్, వియత్నామీస్ పిల్లలంతా ఏషియన్ అన్న ఒకే గడిలో ఉంటారు. మరీ తక్కువమంది ఉన్న వర్గాల ఫలితాల చోట, వ్యక్తులు బయటపడకుండా నక్షత్రం గుర్తు పెడతారు. అంటే ఫలితం లేదని కాదు. 'ఆర్థికంగా వెనకబడిన' శాతం ఎక్కువగా ఉచిత, తగ్గింపు భోజనాల అర్హతపై ఆధారపడుతుంది. కుటుంబ ఆదాయం పేదరిక రేఖకు 130 శాతంలోపైతే ఉచితం, 185 శాతంలోపైతే తగ్గింపు ధర. కాలిఫోర్నియాలా అందరికీ ఉచిత భోజనం పెట్టే రాష్ట్రాల్లో దరఖాస్తు నింపే అవసరం తగ్గింది కాబట్టి, ఈ అంకెను రాష్ట్రాల మధ్య పోల్చడం ప్రమాదం.

రేటింగ్ బాగున్నా మూతపడే స్కూళ్లు

శివారు బడి ఎప్పటికీ కిక్కిరిసి ఉంటుందన్న నమ్మకం చెదిరిపోతోంది. ప్లేనో ఐ.ఎస్.డి. 2024 జూన్‌లో నాలుగు బడులను మూసేయాలని నిర్ణయించింది, వాటిలో ఆర్మ్‌స్ట్రాంగ్, కార్పెంటర్ అనే రెండు మిడిల్ స్కూళ్లున్నాయి. అదే ఏడాది డిసెంబరులో ఫ్రిస్కో ఐ.ఎస్.డి. స్టేలీ మిడిల్ స్కూల్‌ను మూసేయడానికి ఓటేసింది. మూడింటికీ 2024-25 ఆఖరు విద్యా సంవత్సరం. పిల్లలు పెరిగి వెళ్లిపోయినా తల్లిదండ్రులు అవే ఇళ్లలో ఉంటారు. ఆ ఇళ్ల ధర చిన్న పిల్లలున్న జంటలకు అందదు, వాళ్లు ఇంకా ఉత్తరాన ప్రాస్పర్, సెలీనా వైపు వెళ్తారు. జననాలూ తగ్గాయి. ఐదేళ్ల నమోదు సంఖ్యల వరుస చూస్తే జోన్ మారే సూచన ముందే కనిపిస్తుంది. వెయ్యి మందికి కట్టిన భవనంలో పిల్లలు 600కు పడిపోతే జోన్ గీతలు తిరగగీయడం గురించి బోర్డు మాట్లాడడం మొదలవుతుంది.

రాబోయే మార్పు ఇంకొకటి. 2025లో టెక్సస్ చేసిన చట్టం ప్రకారం 2027-28 నుంచి స్టార్ ఉండదు. దాని బదులు ఏడాది మొదట, మధ్యలో, చివర మూడు చిన్న పరీక్షలు ఉంటాయి. 2026 ఆగస్టులో ఆరో తరగతిలో చేరే పిల్లలు మొదటి ఏడాది పాత పరీక్ష, తర్వాతి రెండేళ్లు కొత్తవి రాస్తారు. ఆ మలుపు దగ్గర మార్కుల వరుస తెగిపోతుంది, అటు అంకెను ఇటు అంకెతో నేరుగా పోల్చలేం. నమోదు, హాజరు, ఆల్జీబ్రాలో కూర్చున్న పిల్లల సంఖ్య మాత్రం పరీక్ష మారినా అవే కొలతలతో కొనసాగుతాయి.